బిస్కెట్టు పాఠం దాటని బ్యాచ్

ఉద్యోగం చేసిన రోజుల్లో చంకలో ఫైలు పెట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిచేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఫైలు ఎవరి బల్ల మీదికీ చేరేది కాదు. వాళ్ల చంకలోనే మాసి, చంకలోనే చిరిగిపోయేది. రిటైరయ్యాక ఇక ఆ జాతిని చూడనవసరం లేదనుకున్నాను. అమీర్‌పేటకు వెళ్లి చూస్తే ఆ జాతి మొత్తం అక్కడే ఉంది. ఫైలు వదిలేసి రెండు ఫోన్లు పట్టుకుంది, అంతే తేడా.

నన్ను అక్కడికి తీసుకుపోయింది మా అపార్ట్‌మెంటులో పై అంతస్తు ఆయన. మా ఇల్లు పంజగుట్టలో, మెయిన్ రోడ్డు వెనక సందులో. ఆయనది భీమవరం వైపు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. లిఫ్టులో కలిసినప్పుడల్లా నేనేమీ అడగకముందే "ఫుల్ బిజీ సార్" అనేవాడు. అది ఆయనకు నమస్కారం లాంటిది. ఒకరోజు మాత్రం కొంచెం ఆగి, "మా దగ్గర అన్నీ ఉన్నాయండి, డిసిప్లినే లేదు. మీలాంటి పెద్దవారు వచ్చి ఊరికే కూర్చుంటే చాలు" అన్నాడు. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ, ఇన్నాళ్లూ చేసిన కొలువు మాత్రం ఏమిటి, అక్కడికే పొమ్మంది.

అలా నేను అడ్మినిస్ట్రేటర్‌నయ్యాను. పొద్దున్నే మెట్రో లైను నీడన అమీర్‌పేట దాకా నడిచేవాణ్ని. దారి పొడుగునా గోడల మీద, స్తంభాల మీద, చివరికి చెప్పులు కుట్టే ఆయన గొడుగు మీద కూడా కోర్సుల కాగితాలు. రాత్రి అంటించిన కాగితం మీద పొద్దున ఇంకొకరు అంటిస్తారు. ఒకరి శ్రమను మరొకరు కప్పెయ్యడమే ఆ వీధిలో పెద్ద పరిశ్రమ.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. నేను హైస్కూలు రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. ఆ రోజు ఏమేం చేశానో అందులో రాయను. ఏం పూర్తయిందో రాస్తాను. ఏదీ పూర్తి కాకపోతే ఆ పేజీ ఖాళీగా వదిలేస్తాను. డైరీలో మెచ్చుకోవలసిన పేజీలు అవేనని నా నమ్మకం, అబద్ధం లేనివి కాబట్టి. ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మొదటి నెలంతా అలాంటి పేజీలే.

అక్కడ పని ఇలా నడిచేది. పొద్దున్నే ఒక మీటింగు. అందులో ఆ రోజు ఏం చెయ్యాలో చెప్పుకునేవాళ్లు. సాయంత్రం ఇంకో మీటింగు. అందులో అది ఎందుకు కాలేదో చెప్పుకునేవాళ్లు. మధ్యలో వాట్సాప్ గ్రూపులు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గ్రూపు. యజమాని ఏ గ్రూపులో ఏది పెట్టినా అందరూ బొటనవేలు బొమ్మ పెట్టాలి. పెట్టనివాళ్ల పేర్లు సాయంత్రం మీటింగులో చదివేవాళ్లు. బొటనవేళ్లు చూపించడానికే అక్కడ ఇద్దరు మనుషులకు సరిపడా పని ఉండేది. ఆ బొమ్మ పెట్టడం నాకు చేతకాదని చెప్పి నేను తప్పించుకున్నాను. ముసలివాణ్నని నమ్మారు.

ఈ తిరనాళ్లలో అందరికంటే ఎక్కువ హడావిడి మా కోఆర్డినేటర్‌ది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. ముప్ఫై ఏళ్లు ఇంకా నిండలేదు. బోరబండలో గది తీసుకుని అప్పుడే భార్యను తెచ్చుకున్నాడు. పెళ్లిలో మామగారి వైపు వాళ్లకు తాను బ్రాంచి మేనేజర్‌నని చెప్పుకున్నాడట. మెట్లు ఎక్కితే రెండేసి మెట్లు, దిగితే మూడేసి. ఒక ఫోను చెవి దగ్గర, ఇంకొకటి ఎదురుగా. ఎప్పుడడిగినా "మస్తు బిజీ ఉన్న సార్, జర ఆగుండ్రి" అనేవాడు. నేను ఆగేవాణ్ని. ఆగి చూసినకొద్దీ అతను దేనికి బిజీగా ఉన్నాడో తెలిసింది. డెమోకు.

అమీర్‌పేట పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. కోర్సులో చేరేముందు పిల్లలు డెమో క్లాసు వింటారు. అది ఉచితం. నచ్చితే చేరతారు, లేకపోతే పక్క బిల్డింగు మెట్లెక్కి ఇంకో డెమో వింటారు. హాలు సగం ఖాళీగా కనిపిస్తే లోపలికి తొంగిచూసినవాడు అటునుంచి అటే వెళ్లిపోతాడని మా యజమాని భయం. అందుకని ఒక ఏర్పాటు చేశారు. డెమో ఉన్నప్పుడల్లా, అప్పటికే ఫీజు కట్టి పై అంతస్తులో చదువుకుంటున్న పిల్లల్ని కిందికి తెచ్చి హాల్లో కూర్చోబెట్టేవాళ్లు. హాలు కళకళలాడేది. పాఠం చెప్పే జావా మాస్టరు కూడా తన క్లాసు వదిలి కిందికి దిగి, ఆ మొదటి పాఠమే మళ్లీ చెప్పేవాడు.

ఆ మొదటి పాఠంలో ఒక బిస్కెట్టు ఉండేది. జావాలో క్లాసు అంటే బిస్కెట్టు అచ్చు, ఆబ్జెక్టు అంటే అందులోంచి వచ్చిన బిస్కెట్టు అని మాస్టరు చెప్పేవాడు. ఉస్మానియా బిస్కెట్టు కావాలంటే కోడింగ్ చెయ్యక్కర్లేదు, చాయ్ చెబితే చాలని ఒక జోకు. అక్కడ నవ్వమని ఫీజు కట్టిన పిల్లలకు ముందే చెప్పి ఉంచేవాళ్లు. కోఆర్డినేటర్ తలుపు దగ్గర నిలబడి, నవ్వు రావలసిన చోట తను ముందు నవ్వేవాడు. పిల్లలు వెనకనుంచి అందుకునేవాళ్లు. చదువు చెప్పే చోట నవ్వులో తర్ఫీదు ఇవ్వడం నేను మొదటిసారి చూశాను.

డెమోలు వారానికి ఒకటి ఉన్నప్పుడు ఇది ఎలాగో నడిచింది. యజమాని ఊపు మీద రోజుకొకటి పెట్టాక సాయంత్రం బ్యాచ్ చదువు ఆగిపోయింది. వాళ్లు రోజూ వచ్చేవాళ్లు, రోజూ కిందికి దిగేవాళ్లు, బిస్కెట్టు పాఠం వినేవాళ్లు, నవ్వేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. అంతకుముందు బ్యాచ్‌లు ఇలాగే మధ్యలో చెదిరిపోయాయి. పిల్లలు చెప్పకుండా రావడం మానేసి రోడ్డుకు అవతలి ఇన్‌స్టిట్యూట్‌లో తేలారు. వాళ్లను వెనక్కి తేవడానికి మళ్లీ ఫోన్లు, మళ్లీ కాగితాలు, మళ్లీ డెమోలు. ఆ డెమోలకు హాలు నింపడానికి మిగిలిన బ్యాచ్. ఇంత చక్కగా తమ గొయ్యి తామే తవ్వుకునే మనుషుల్ని నేను ప్రభుత్వంలో కూడా చూడలేదు.

ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. అందరూ చెమటలు కక్కుతున్నారు కదా. చెమట పడితే పని జరిగినట్టేనని వాళ్ల లెక్క.

యజమాని తప్పెవరిదో మాత్రం వెంటనే కనిపెట్టాడు. కోఆర్డినేటర్‌ను నా ముందే నిలబెట్టి చెప్పాడు. "చూడు, ఈ బ్యాచ్ కూడా మధ్యలో ఆగితే నువ్వు వేరే చోటు చూసుకో. కోర్సు పూర్తయి తీరాలి. డెమోలు మాత్రం తగ్గకూడదు." ఈ రెండూ కలిసి జరగవని ఆయనకు తట్టలేదు. కోఆర్డినేటర్‌కూ తట్టలేదు. "చేస్త సార్, చేస్త" అని అప్పుడే ఎవరికో ఫోను కలిపాడు.

ఆ సాయంత్రం నేను ఇంటికి బయలుదేరుతూ అతని బల్ల దగ్గర ఆగాను.

"ఇయ్యాల ఏం పూర్తయింది?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఎంతమందికి ఫోన్లు చేసిందీ, హాస్టళ్లలో కాగితాలు పంచిందీ, కొత్త గ్రూపు పెట్టిందీ, బ్యానర్ వాడితో కొట్లాడిందీ. అంతా విన్నాను.

"నువ్వేం చేసినవని అడగలే. ఏం పూర్తయిందని అడిగిన."

అతను నా మొహం చూశాడు. ఈ ముసలాయనకు చెవుడేమో అనుకున్నట్టున్నాడు. మళ్లీ మొదటినుంచి చెప్పబోయాడు. నేను చెయ్యెత్తి ఆపి, రేపు అడుగుతానని వచ్చేశాను. మర్నాడు అడిగాను. ఆ తర్వాతి రోజూ అడిగాను. అతనికి విసుగు పుట్టి ఒకసారి గట్టిగానే అన్నాడు.

"సార్, మీరు కూసొని అడుగుతరు. ఉరికేది నేను. మీకేం ఫికర్ ఉన్నది?"

నిజమే, నాకేం ఫికర్ లేదు. పెన్షను వస్తోంది. అయినా ఆ మాట నాకు నచ్చింది. అక్కడ చేరాక నేను విన్న మొదటి సూటి మాట అది.

అతనికి నా ప్రశ్న బోధపరిచింది నేను కాదు, ఆ సాయంత్రం బ్యాచ్‌లో ఒక అమ్మాయి. ఒక డెమో అయ్యాక మెట్ల దగ్గర అతన్ని ఆపింది. నేను నా గదిలోంచి వింటున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"అన్నా, మా ఇంట్ల ఫోన్ల అడిగిన్రు, ఏం నేర్చుకున్నవ్ బిడ్డా అని. బిస్కెట్ అని చెప్పాల్నా? వచ్చిన కాణ్ణుంచి గా ఒక్క పాఠమే ఇంటున్నం. గిప్పుడు నేనే చెప్పొస్త గా డెమో. సార్‌ను ఇంట్ల కూసోమను."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ రోజు తర్ఫీదు లేకుండా వచ్చిన నవ్వు అదొక్కటే. అతను మాత్రం నవ్వలేదు. నా గదిలోకి వచ్చి ఫోన్లు రెండూ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. అతను కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"సార్, ఏం పూర్తి కాలే," అన్నాడు. "నేనొచ్చినప్పటి సంది ఏం పూర్తి కాలే."

తర్వాత ఏం చెయ్యాలో అతనే అడిగాడు. నా దగ్గర మంత్రమేమీ లేదు. డెమో ఆపితే యజమాని ఊరుకోడు, డెమో నడిపితే క్లాసు నడవదు. మరి వచ్చినవాళ్లను కింద హాల్లోకి కాకుండా పైన నడుస్తున్న క్లాసులోకే పంపితే ఏమవుతుందని అడిగాను. వాళ్లకేం అర్థం కాదు సార్ అన్నాడు. అర్థం కాకపోతే కాలేదు, పని ఎలా జరుగుతుందో కళ్లతో చూస్తారు కదా అన్నాను. ఈలోగా ఒక ఫోను మోగింది. అతను అలవాటుగా చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

అదృష్టవశాత్తూ యజమాని బంధువుల పెళ్లికని వారం రోజులు భీమవరం వెళ్లాడు. అక్కడినుంచి గ్రూపుల్లో పెళ్లి భోజనాల ఫోటోలతో పాటు సూచనలు కూడా వస్తూనే ఉన్నాయి. కోఆర్డినేటర్ అన్నింటికీ బొటనవేలు పెట్టాడు. కింద హాలుకు తాళం వేశాడు.

మొదటి రోజు డెమోకు వచ్చినవాళ్లను పైకి పంపితే మాస్టరే తడబడ్డాడు. అలవాటుగా బిస్కెట్టు దగ్గరకు వెళ్లబోయాడు. పిల్లలు ఊరుకోలేదు. అది చాలు, రెండో పాఠం మొదలుపెట్టమన్నారు. బోర్డు మీద ఒక కుర్రాడు రాసినదాంట్లో తప్పు ఎక్కడుందో వెతకడంలో గంట గడిచింది. వచ్చిన కొత్తవాళ్లలో కొందరు నోరు తెరుచుకుని చూసి, మధ్యలోనే లేచి పక్క మెట్లెక్కారు. కొందరు చివరిదాకా ఉన్నారు. జోకు లేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. ఆ రాత్రి నా డైరీలో చాలా రోజుల తర్వాత ఒక వాక్యం పడింది: రెండో పాఠం అయింది.

యజమాని తిరిగొచ్చి తాళం చూశాడు. కోపం వచ్చింది. కానీ బ్యాచ్ పూర్తి చెయ్యమన్న మాట ఆయనదే. ఆ మాట అన్నప్పుడు పక్కనే ఉన్నానని నేను గుర్తు చేశాను. సరేనండి, ఈ ఒక్క బ్యాచ్‌కే అన్నాడు. దాని గురించి మాట్లాడటానికి ఒక మీటింగు పెట్టాడు.

కోఆర్డినేటర్ మారడం అంత సజావుగా జరిగిందని చెప్పను. పరుగు ఆగాక అతనికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ముందురోజు హాజరు చూసేవాడు, రానివాళ్లకు ఫోను చేసేవాడు, ప్రొజెక్టరు బాగు చేయించేవాడు. మధ్యాహ్నానికల్లా అవన్నీ అయిపోయేవి. అప్పుడు దొంగతనం చేసినవాడిలా కూర్చునేవాడు. యజమాని మెట్ల మీద అడుగు వినిపిస్తే చాలు, ఊరికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ, చెప్పండి" అనేవాడు. అవతల ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆరింటికి పని లేదు, ఇంటికి పో అని నేనే చెప్పేవాణ్ని. వెలుతురుండగా ఇంటికి పోతే, కొలువు ఊడిందా అని భార్య అడిగిందట.

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కొన్నాళ్లకు యజమాని కూడా నా గదిలోకి వచ్చి తలుపు వేసి అదే మాట అన్నాడు.

"ఏంటి సార్, మనవాడు ఈ మధ్య ఖాళీగా కనిపిస్తున్నాడు?"

"పని అయిపోతోందండి, అందుకని."

"పని అయిపోతే ఇంక మనిషెందుకండి?"

ఎగతాళికి అడగలేదు ఆయన. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఇలాంటి ప్రశ్నకు మర్యాదగా సమాధానం చెప్పడం నాకు ఇన్నేళ్లలో అలవడలేదు. నేను ఆయన్ను చూస్తూ ఊరుకున్నాను. ఆయన దాన్ని అంగీకారం అనుకుని వెళ్లిపోయాడు. విన్నది విన్నట్టు నేను కోఆర్డినేటర్‌కు చెప్పాను. దాచడం నా పద్ధతి కాదు.

"మల్ల ఉరకాల్నా సార్?" అన్నాడు.

"అది నీ ఇష్టం. ఉరికితే నీ కొలువు ఉంటది. బ్యాచ్ ఉండదు."

అతను హాజరు పుస్తకం తీసుకుని పైకి పోయాడు. బ్యాచ్‌కు ఇంకా కొద్ది పాఠాలే మిగిలాయి.

సరిగ్గా ఆఖరి పాఠం రోజున యజమాని ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. బంజారా హిల్స్ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు, పంజగుట్టలో ఇంకో బ్రాంచి పెట్టడానికి భాగస్వామిగా చేరతాడేమో, హాలు నిండుగా కనిపించాలి, పిల్లల్ని అరగంట కిందికి దింపమని ఆజ్ఞ. మాస్టరును కూడా దింపమన్నాడు. బిస్కెట్టు పాఠం చాలన్నాడు.

కోఆర్డినేటర్ మెట్ల మొదట్లో నిలబడ్డాడు. భయపడ్డాడు, అయినా పక్కకు జరగలేదు.

"ఇయ్యాల వాళ్లది ఆఖరి పాఠం సార్. దించను."

"దించవా? ఎవడితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు సార్. బ్యాచ్ పూర్తి చెయ్యమన్నది మీరే కద. ఇంకో గంటల అయితది. గాయినను పైకి తోల్కరండ్రి, సూపిద్దాం."

యజమాని నా వైపు చూశాడు. డిసిప్లిన్ కోసం తెచ్చిన పెద్దమనిషిని నేనే కదా. ఆ గంటా క్లాసు ఆపడం పద్ధతి కాదండి అన్నాను. నేనూ కోఆర్డినేటరూ ముందే మాట్లాడుకుని చేశామని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు.

బంజారా హిల్స్ పెద్దమనిషి కారు దిగాడు. ఖాళీ హాలు చూశాడు. క్లాసు పైన నడుస్తోంది, రండి అని కోఆర్డినేటర్ అంటే, మెట్ల వైపు చూసి, చేతి గడియారం చూసి, ఫోను చూసి, చాలా బిజీగా ఉన్నాను, ఇంకోసారి వస్తానన్నాడు. తెప్పించిన చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. హాలు నిండి ఉంటే చేరేవాడో లేదో ఎవరికీ తెలియదు. మెట్లు ఎక్కే తీరిక లేనివాడితో బ్రాంచి పెట్టి ఉంటే ఏమయ్యేదో మాత్రం నాకు తెలుసు.

పైన పాఠం అయిపోయింది. పిల్లలు దిగుతూ కోఆర్డినేటర్‌ను మిఠాయి అడిగారు. అతను నిజంగానే మిఠాయి కొట్టుకు పోతుంటే ఆ అమ్మాయి ఆపింది. "మిఠాయి ఒద్దన్నా. ఉస్మానియా బిస్కెట్లు తే. గన్ని సార్లు ఇన్నం, ఒక్కసారన్న తింటం." తెచ్చాడు. నాకూ ఒకటి ఇచ్చారు.

ఆ వారమంతా అతని ఉద్యోగం పోయినట్టేనని అందరం అనుకున్నాం. బోరబండలో ఇంకో చోట అడిగి పెట్టుకున్నానని కూడా అతను చెప్పాడు. కానీ హాస్టళ్లలో ఆ బ్యాచ్ పిల్లలు తమ గదుల్లో వాళ్లకు కోర్సు పూర్తయిందన్న మాట చెప్పారు. అమీర్‌పేటలో అది ఎంత వింత కబురో ఏమో, కాగితం అంటించకుండానే కొత్త బ్యాచ్ నిండింది. యజమాని ఆ చేరికలన్నీ తన కొత్త బ్యానర్ వల్లేనని మీటింగులో చెప్పాడు. అందరూ బొటనవేళ్లు పెట్టారు.

కోఆర్డినేటర్‌ను తీసెయ్యలేదు. అతని బల్లను ముందు గదిలోంచి తీసి, లోపల ప్లైవుడ్ అడ్డం వెనక వేయించారు. తీరిగ్గా కూర్చున్న మనిషి వచ్చేవాళ్ల కంట పడటం ఇన్‌స్టిట్యూట్‌కు మంచిది కాదని యజమాని అభిప్రాయం. ముందు బల్ల దగ్గరకు కొత్త మనిషిని తెచ్చారు. అతనికి రెండు ఫోన్లు. మెట్లు రెండేసి ఎక్కుతాడు. లోపల పని జరుగుతుంది, ముందు హడావిడి జరుగుతుంది. ఇప్పుడు ఆఫీసు నిండుగా ఉందని యజమాని సంతోషించాడు.

బల్ల మార్చిన సాయంత్రం కోఆర్డినేటర్ ప్లైవుడ్ మీంచి తల పైకెత్తి నన్ను పిలిచాడు.

"సార్, గిది ప్రమోషనా, పనిష్మెంటా? ఇంట్ల ఏమని చెప్పాలె?"

"లోపల ఫ్యాన్ ఉన్నదా?"

"ఉన్నది."

"గా ముందున్నాయన అరుపులు ఇనొస్తున్నయా?"

అతను చెవి ఒగ్గి విన్నాడు. "తక్కువనే ఇనొస్తున్నయ్ సార్."

"అయితే ప్రమోషనే. ఇంటికి పో."

అతను సంచి తీసుకుని బోరబండ బస్సుకు బయలుదేరాడు. ముందు గదిలో కొత్త మనిషి చెవి దగ్గర ఫోనుతో అతనికి దారి ఇవ్వకుండా ఎదురొచ్చి, మస్తు బిజీ ఉన్న అన్నా అన్నాడు. మా కోఆర్డినేటర్ పక్కకు తప్పుకుని, అతను దాటేదాకా ఆగి, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్లిపోయాడు.